పిల్లి ముందు, కుక్క వెనక

మా తాడిపత్రి బండల ఊరు. నాపబండల మీద పిల్లి ఎంత తిరిగినా తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే జాడ ఉండదు. పచ్చి ఇటుక మీదైతే అలా కుదరదు సుమండీ!

ఇప్పటి పాకిస్తాన్‌లోని చన్హుదారోలో 1935-36లో ఎర్నెస్ట్ మెకే సింధులోయ కాలపు ఊరొకటి తవ్వించారు. అక్కడ దొరికిన ఒక ఇటుక మీద పిల్లి అడుగు, దానిమీద కాస్త ఎక్కి కుక్క అడుగు! అడుగులు లోతుగా దిగడం చూసి రెండూ మంచి పరుగుమీద ఉన్నాయన్నారాయన. ఆరబెట్టిన ఇటుకల మీద ఆ రగడ జరిగి నాలుగువేల ఏళ్లు దాటింది. ఇటుకలు కోసినాయన ఎంత తిట్టుకున్నాడో పాపం! పిల్లి దొరికిందా, గోడెక్కిందా? ఇటుక అంతవరకూ చెప్పదు.

మా ఇంట్లోనూ ఇదే భాగోతం. రాత్రి ఇద్దరూ ఒకే గోనెపట్ట మీద పడక, తెల్లారితే తరుములాట. ఓసారి పెరట్లో పచ్చి సిమెంటు మీదుగా పరుగెత్తాయి. బేల్దారి తాపీ తీసి చదును చేయబోతే మా అత్తగారు, "ఉండనీలేప్పా" అన్నారు.

కుక్క పోయిన వేసవిలో చనిపోయింది. పిల్లి మాత్రం ఎండ కాచుకోవడానికి అక్కడికే వస్తుంది.