మూడు సూత్ల బోల్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేనుండే గదిలో కూలర్‌కి ఇనుప స్టాండ్ ఒకటి ఉంది. పోయిన ఎండాకాలం అది రాత్రిళ్లు గొణగడం మొదలుపెట్టింది. చూస్తే ఒక కాలు దగ్గర నట్టు లేదు. ఎప్పుడు ఊడిందో, ఎటు పోయిందో తెలీదు. కొత్తపేట వైపు నడిచి ఒక హార్డ్‌వేర్ షాపులో బోల్టు చూపించి దీనికి నట్టు కావాలన్నాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, "మూడు సూత్లది. పాత సామాను. పది ఎమ్మెమ్‌ది ఇస్త, పడ్తది," అన్నాడు.

పడింది కూడా. చేత్తోనే హాయిగా తిరిగింది. వారం తిరక్కుండా మళ్లీ ఊడింది.

ఆదివారం ఎల్.బి.నగర్‌లో మా ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్తే బాపు నవ్వాడు. మంచం మీద కూర్చున్న తాత నవ్వలేదు. ఆయనకి చెవులు దాదాపు వినబడవు. బాపు దగ్గరికి పోయి గట్టిగా అరిచి చెప్పాడు. తాత లేచి, మంచం కింద నుంచి రెండు డాల్డా డబ్బాలు బయటికి లాగాడు. ఒకదాని మీద తెల్ల పెయింట్ గీత ఉంది, రెండోదాని మీద లేదు. చిన్నప్పుడు ఆ డబ్బాల్లో నట్లు కలిపేసినందుకు నాకు వీపు మీద ఒక్కటి పడింది. తాత నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఎందుకు కొట్టాడో అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది, దానికోసం కాస్త చరిత్ర చదవాల్సి కూడా వచ్చింది.

సూత్ అనే మాట ముందు. హైదరాబాద్‌లో వడ్రంగులు, మెకానిక్‌లు అంగుళాన్ని ఎనిమిది సూత్లు చేస్తారు. మూడు సూత్లంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. అదే హిందీలో సూత్ అంటే నూలు. ఇంగ్లీషువాడు బోల్టు మీది గాడిని థ్రెడ్ అన్నాడు, అంటే దారం. దక్కనీలో దాన్ని చూడీ అంటారు, అంటే గాజు. గాడి అరిగిపోతే 'చూడీ మర్ గయీ' అంటారు, అచ్చం మనిషి పోయినట్టే. తెలుగులో అది మర. మరమేకులో ఉన్నదీ ఆ మరే, మరమగ్గంలో ఉన్నదీ ఆ మరే. గాడికీ యంత్రానికీ ఒకటే పేరు పెట్టినవాళ్లు యంత్రం అంటే ఏంటో బాగా కనిపెట్టారనిపిస్తుంది నాకు. మర విప్పితే మర లేదు.

మా తాతది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు, సాంచె అంటారు. సాంచెల మీద పని నేర్చుకుంది మాత్రం భివండీలో. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు బొంబాయి, షోలాపూర్, భివండీ, సూరత్ వెళ్లడం ఆయనతో మొదలైంది కాదు, ఆయనతో ఆగిందీ కాదు. ఇక్కడ మిల్లులు లేవని కాదు. ఏడో నిజాం కాలంలో, 1934లో, వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టారు. కానీ ఒక్క మిల్లు ఎంతమందికని పని ఇస్తుంది? తాత 1970ల మొదట్లో భివండీ వెళ్లాడు. కొన్నేళ్లు నేసి, తర్వాత జాబర్ అయ్యాడు. జాబర్ అంటే మగ్గాల డాక్టరు. బొంబాయి మిల్లుల్లో జాబర్ పనివాళ్లను పెట్టుకునే పెద్దమనిషి కూడా. భివండీలోని రేకుల షెడ్డులో అంత హోదా ఏమీ లేదు. స్పానర్ పట్టుకుని మగ్గాల మధ్య తిరిగే మనిషి, అంతే.

మగ్గం మీద నట్లు ఎందుకు వదులవుతాయో తెలియాలంటే మగ్గం ఏం చేస్తుందో చూడాలి. నిమిషానికి 120 పేక పోగులు వేసే సాదా మగ్గం అనుకుందాం. పోగు పోగుకీ ఒక కర్ర షటిల్‌ని ఒక చివర్నుంచి కొడుతుంది. అది పడుగు మధ్యగా దూసుకెళ్లి అవతలి పెట్టెలో పడి ఆగాలి. ఆ వెంటనే బరువైన పలక ముందుకొచ్చి పోగుని గుద్దాలి. 12 గంటల షిఫ్టుకి లెక్కేస్తే 86,400 గుద్దులు. ఇవి కాక ఇంకొకటుంది. షటిల్ అవతలి పెట్టెకి సమయానికి చేరకపోతే, పడుగు తెగకుండా మగ్గం ఒక్కసారిగా ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. క్వింటాళ్ల ఇనుము ఒక్క క్షణంలో నిలబడిపోతుంది. ఆ దెబ్బకి నేల అదిరేదని తాత చెప్పేవాడు. ఆ అదురు ముందు తగిలేది బోల్టులకే.

ఈ బోల్టుల కథ మాంచెస్టర్‌లో మొదలవుతుంది, బట్టల కథలాగే. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నా, అది సవ్యంగా నడవడానికి దశాబ్దాలు పట్టింది. కర్ర ఫ్రేములు ఆ గుద్దులకు ఓర్చుకోలేకపోయాయి. 1820ల్లో రిచర్డ్ రాబర్ట్స్ పోత ఇనుముతో మగ్గం చేశాడు. అక్కడ్నుంచి మగ్గానికి కీళ్లు బోల్టులయ్యాయి. చిక్కేమిటంటే అప్పట్లో ఏ వర్క్‌షాపు మర దానిదే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోట చేసిన బోల్టుకి పట్టేది కాదు. లండన్‌లో మాడ్స్లే దగ్గర పనిచేసి, 1833లో మాంచెస్టర్‌లో సొంత వర్క్‌షాపు పెట్టిన జోసెఫ్ విట్‌వర్త్ దీనికో మార్గం ఆలోచించాడు. దేశంలో పెద్ద పెద్ద వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, వాటిని కొలిచి, సగటు తీశాడు. మర కోణం 55 డిగ్రీలు, ఫలానా లావుకి అంగుళానికి ఇన్ని చుట్లు అని 1841లో ఒక పట్టిక ప్రకటించాడు. మూడు సూత్ల బోల్టుకి అంగుళానికి 16 చుట్లు. కొత్తగా ఏదీ కనిపెట్టకుండా, ఉన్నవాటి మధ్య రాజీ కుదిర్చి చరిత్రలో నిలబడ్డ మనిషి. నాకు అలాంటివాళ్లంటే ఇష్టం.

ఇంగ్లీషు మగ్గాలతో పాటు ఆ మర కూడా ఇండియాకి దిగింది. ఇంగ్లీషు మగ్గాలకు నకళ్లుగా ఇక్కడ పోత పోసినవాటిలోనూ అదే కొనసాగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో తూనికలు కొలతల చట్టం తెచ్చి, కొన్నేళ్లలో దేశమంతా మెట్రిక్‌లోకి మారాం. బజార్లో మిల్లీమీటర్ల నట్లు వచ్చాయి. మగ్గాలు మాత్రం మారలేదు. ఒకసారి పోత పోసిన మగ్గం యాభై ఏళ్లు నడుస్తుంది, పాతబడితే మిల్లు నుంచి షెడ్డుకి చేతులు మారుతుంది. చట్టం వల్ల అంగుళాల మగ్గం మిల్లీమీటర్ల మగ్గం అయిపోదు కదా.

ఇక్కడే నా కూలర్ కథ. మూడు సూత్లంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. దానికి పది ఎమ్మెమ్ నట్టు పడుతుంది. చుట్టుకి చుట్టుకి మధ్య దూరం ఒకదానికి 1.59, రెండోదానికి 1.5. తేడా కంటికి ఆనదు. స్పానర్‌తో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. కానీ మర మొత్తం ఒకదాన్నొకటి పట్టుకోదు, అంచులు మాత్రమే రాసుకుంటాయి. అదురుడు మొదలైతే అంతే సంగతులు.

1978లోనో 79లోనో భివండీలో ఒక షెడ్డులో, షటిల్ పెట్టె ముందు పలక బోల్టుకి నట్టు ఊడిపోయింది. తాత దగ్గర పాత నట్టు లేదు. మగ్గం ఆగితే నేసేవాడికి మీటర్లు పోతాయి, మీటర్లు పోతే కూలి పోతుంది. జాబర్ తల మీద అందరూ నిలబడేది అందుకే. చేతికి దొరికిన పది ఎమ్మెమ్ నట్టు వేసి బిగించాడు. రెండు రోజులు నడిచింది. మూడోరోజు పలక పక్కకు జరిగింది. షటిల్ పెట్టెలోకి పోవాల్సింది దారి తప్పి గాల్లోకి లేచింది. పక్క సాంచె మీద పనిచేస్తున్న మనిషికి ఎడమ కన్ను పోయింది. ఆయనదీ మా ఊరి పక్క ఊరే.

తాతని ఎవరూ ఏమీ అనలేదట. సామాను కొనివ్వని యజమానినీ ఏమీ అనలేదు. ఆ డబ్బాలు రెండుగా మారింది అప్పుడే అని బాపమ్మ చెప్పింది. తెల్లగీత ఉన్నది సూత్లది, లేనిది ఎమ్మెమ్‌ది.

నట్టు ఊడకుండా జాబర్లు ఏం చేసేవాళ్లో తాత పదే పదే చెప్పేవాడు. నట్టు మీద ఇంకో నట్టు వేస్తారు, చెక్ నట్ అంటారు. పల్చటిది కిందా, మందంగా ఉన్నది పైనా ఉండాలి. చాలామంది తిరగేసి వేస్తారు. బరువు మోసేది పై నట్టు కాబట్టి మందంగా ఉన్నదే పైన ఉండాలని ఆయన వాదన, ఇంజనీరింగ్ పుస్తకాలూ అదే అంటాయి. ఇంకో కిటుకు, వేస్ట్ నూలు పోగుని పెయింట్‌లో ముంచి మర గాడిలో చుట్టి, దానిమీద నట్టు బిగించడం. నల్లా పైపులకు ప్లంబర్లు సుత్లీ చుట్టినట్టే. నట్టు లోపల పీచు వలయం, తర్వాత నైలాన్ వలయం పెట్టి అమ్మే కంపెనీలు చేసిందీ ఇంచుమించు ఇదే. 1953లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్, గాలి తగిలినంతసేపు నీళ్లలా ఉండి, మర సందుల్లో గాలి ఆడనిచోట గట్టిపడే జిగురు తయారుచేశాడు. అదే లాక్‌టైట్. అది భివండీ షెడ్లకు చేరేసరికి తాత తిరిగొచ్చేశాడు.

స్ప్రింగ్ వాషర్ సంగతి వేరు. తాతకి దానిమీద నమ్మకం లేదు. "అది మనసుకు ధైర్యం బిడ్డా, బోల్టుకు కాదు," అనేవాడు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్నే యంత్రం మీద కొలిచాడు. బోల్టు నిలువునా అదిరితే నట్టు పెద్దగా కదలదు. బిగించిన రెండు ముక్కలు పక్కకి, ఒకదాని మీద ఒకటి జారితేనే నట్టు తనంతట తాను తిరిగిపోతుంది. కారణం తేలికే. బిగించిన బోల్టు సాగిన స్ప్రింగు లాంటిది. మనం స్పానర్ మీద పెట్టే బలంలో పదో వంతే దాన్ని సాగదీయడానికి పోతుంది, మిగతాదంతా రాపిడికే. పక్క జారుడు వచ్చినప్పుడల్లా ఆ రాపిడి ఒక్క లిప్త చేయి వదిలేస్తుంది. సాగిన బోల్టు ఆ సందులో నట్టుని వెనక్కి నెడుతుంది. యుంకర్ తరహా పరీక్షల్లో మామూలు స్ప్రింగ్ వాషర్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. అయినా ప్రపంచమంతా ఇప్పటికీ కొంటూనే ఉంది, నేనూ నాలుగు కొన్నాను.

1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షలమంది. చాలా మిల్లులు మళ్లీ లేవలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు తాత సిరిసిల్ల చేరాడు. అక్కడ సేటు నూలిస్తాడు, ఆసామికి సాంచెలుంటాయి, పనిచేసేవాడికి మీటరు లెక్కన కూలి. ఊడిన నట్టుతో మగ్గం ఆగితే పోయే గంట ఎవరి ఖాతాలో పడుతుంది? నేసేవాడి ఖాతాలోనే. అందుకే వదులు బోల్టుతో కూడా నడిపిస్తారు. సిరిసిల్ల ఆత్మహత్యల గురించి రాసినవాళ్లు అప్పులు, కరెంటు చార్జీలు, ఆర్డర్లు లేకపోవడం గురించి రాశారు. అన్నీ నిజమే. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంత ఊపిరి పోశాయి. కానీ యాభై ఏళ్ల నాటి ఇనుముని రోజూ ఎవరు బిగిస్తున్నారు, దానికి వాళ్లకేం ముడుతోందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

ఎల్.బి.నగర్ చౌరస్తాలో విజయవాడ వైపు బస్సెక్కితే గంటా గంటన్నరలో పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక చేరొచ్చు. కూలర్ గొడవ తర్వాత ఒకరోజు పోచంపల్లి వెళ్లి గుంట మగ్గం మీద బోల్టులు ఎక్కడున్నాయా అని వెతికాను. చీలలు, తాళ్లు, మేకులు. పడుగు చివర తాడు కట్టి, నేసే మనిషి చేతికందేచోట ముడేస్తారు. వదులైతే కూర్చున్నచోటే బిగిస్తారు. కర్ర వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, దాన్నిబట్టి చీల కొడతారు. మగ్గం వదులవడం అక్కడ జబ్బు కాదు, రోజువారీ పనిలో భాగం. దీన్ని చూసి మురిసిపోవడానికీ లేదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్లతరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రంలో నట్లూ బోల్టులూ ఉన్నాయి. వాటిని బిగించే స్పానర్ కూడా ఆ ఇళ్లలోకి వచ్చింది.

మంచి జాబర్ వదులు బోల్టుని చెవితో పడతాడంటారు. వంద మగ్గాల మోతలో ఒక్కదాని శ్రుతి తప్పితే తెలుస్తుందట. అలా విన్నందుకే తాతకి చెవులు పోయాయి. ఆ షెడ్లలో చెవుల్లో పెట్టుకోవడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. దూది కూడా. చుట్టూ నూలే ఉన్నా.

పోయిన నెల తాతని మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చాను. ఎల్.బి.నగర్ నుంచి మూడో స్టేషన్. తెల్లగీత డబ్బాలోంచి ఏరిన నట్టు ఆయన జేబులో ఉంది. నూలు పోగు చుట్టి, తనే బిగించాడు. నేను కూలర్ ఆన్ చేసి, "ఇప్పుడు చప్పుడు లేదు," అని గట్టిగా అరిచాను. ఆయన నా మాట పట్టించుకోలేదు. స్టాండ్ మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చేయి మెల్లగా వెనక్కి జరిపాడు.

"ఎనుక కాలుది గూడ వదులున్నది," అన్నాడు. "పానా ఇటియ్యి."