అర్థం తెలిసిన నమాజు

నమాజు 'చదివాం' అంటాం మనం. చదివినదానికి అర్థం తెలియనక్కర్లేదా? మత్తులో ఉన్నవాళ్లు తామేం పలుకుతున్నారో తెలిసేదాకా నమాజు దరి చేరవద్దని ఖురాన్ నాలుగో సూరా 43వ ఆయత్ చెబుతుంది. మత్తు సంగతి అందరికీ గుర్తుంటుంది. తెలియడం సంగతే మరుస్తాం.

ఈ ప్రశ్న పాతదే. క్రీ.శ. 767లో కన్నుమూసిన ఇమామ్ అబూ హనీఫా నమాజులో పారశీక పఠనానికి అనుమతించారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ దాన్ని అరబ్బీ పలకలేని వారికే పరిమితం చేశారు. హనఫీ సంప్రదాయంలో శిష్యుల మాటే నిలిచింది. భాష మార్పును బలవంతంగా రుద్దిన ప్రభుత్వమూ ఉంది. టర్కీ 1932లో అజాన్‌ను తుర్కీలోకి మార్చింది. 1941లో అరబ్బీ అజాన్‌కు జైలుశిక్ష పెట్టింది. 1950లో నిషేధం తొలగగానే మసీదులు అరబ్బీకే మళ్లాయి.

మన దగ్గర కథ వేరు. ఉర్దూ రాదని దూదేకులను చిన్నచూపు చూశారు. నమాజు ఉర్దూలోనూ లేదు కదా! అరబ్బీ ముందు ఇద్దరిదీ ఒకటే స్థితి. రోజుకు ఫర్జ్ రకాత్‌లు 17. ప్రతి రకాత్‌లో వచ్చే ఫాతిహాకు ఆయత్‌లు ఏడే. పలుకు అరబ్బీలోనే ఉండనీ. ఆ ఏడింటి అర్థాన్ని మసీదులో తెలుగులో చెప్పడానికి అడ్డేముంది?