జాకలోప్
జాకలోప్ అమెరికా పశ్చిమ ప్రాంతపు కట్టుకథల్లో కనిపించే కల్పిత జంతువు. కుందేలు ఒంటికి జింక కొమ్ములు మొలిచినట్టు దీన్ని చిత్రిస్తారు.

కథల ప్రకారం ఇది మనిషి గొంతును అనుకరిస్తుంది. రాత్రిపూట మంట చుట్టూ చేరి కౌబాయ్‌లు పాట ఎత్తుకుంటే, చీకట్లోంచి అదే పాట తిరిగి పాడుతుంది. విస్కీ అంటే దీనికి ప్రాణం. దాన్నే ఎరగా పెట్టి, మత్తెక్కాక పట్టుకోవచ్చని చెబుతారు. మెరుపులు మెరిసినప్పుడే జతకడుతుందనీ, దీని పాలు ఔషధమనీ కూడా అంటారు.

ఈ రూపానికి పుట్టినిల్లు వయోమింగ్ రాష్ట్రంలోని డగ్లస్ పట్టణం. చచ్చిన జంతువుల చర్మాలతో నమూనాలు తయారుచేసే డగ్లస్ హెరిక్, ఆయన సోదరుడు 1930వ దశకంలో కుందేలుకు కొమ్ములు అతికించి తొలి నమూనాను ఒక స్థానిక హోటలుకు అమ్మారు. తర్వాత ఇలాంటివి వేల సంఖ్యలో అమ్ముడయ్యాయి. ఈ పట్టణంలో ఇచ్చే ఉత్తుత్తి వేట లైసెన్సు జూన్ 31న మాత్రమే చెల్లుతుంది. అలాంటి తేదీ క్యాలెండర్‌లో లేదు.

కొమ్ముల కుందేళ్ల ప్రస్తావన ఐరోపాలో 16వ శతాబ్దం నాటికే ఉంది. జర్మనీలోని బవేరియాలో రెక్కలు, కొమ్ములు ఉండే వోల్‌పర్టింగర్ ఇలాంటి కల్పనే. కొమ్ముల కుందేళ్ల కథలకు ఒక వ్యాధి ఆధారమై ఉండవచ్చు. అమెరికా అడవి కుందేళ్ల తలపై, మూతి చుట్టూ కొమ్ముల్లాంటి గట్టి కణితులు పెరగడానికి వైరస్ కారణమని శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ 1933లో నిరూపించాడు. క్యాన్సర్ కలిగించే వైరస్‌ల పరిశోధనకు ఇది ముఖ్యమైన ఆధారమైంది.