అడ్డపొగ

మా శ్రీకాకుళం పల్లెల్లో పాతతరం ఆడవాళ్లు చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. అదే అడ్డపొగ. మా నాయనమ్మ పొగాకు ఈనె తీసి, కాస్త తడి చేసి, అరచేతుల మధ్య చుట్ట చుట్టేది. ముట్టించాక నిప్పు లోపలికి పోయేది. పెదాల మధ్య మొదలు మాత్రమే కనిపించేది. అలాగే నాట్లు వేసేది, చంటిపిల్లను ఎత్తుకునేది. గాలికి ఆరిపోదని, నుసి పిల్లల మీద పడదని చెప్పేవారు.

ఆ వేడి, పొగ నేరుగా తగిలేది అంగిలికే. ఏళ్ల తరబడి కాలిన పైపొర మందమై తెల్లబడుతుంది, అందులో ఎర్రటి చుక్కలు తేలతాయి. కొందరిలో కణాలు అదుపు తప్పి పెరిగి రాచపుండవుతుంది. ఈ అలవాటు లేని చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు.

1960లలో బొంబాయి దంతవైద్యుడు ఫాలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ బృందం మా జిల్లా పల్లెలు తిరిగి నోళ్లు పరీక్షించింది. అంగిలి మీద అడ్డపొగ తెచ్చే మార్పులపై 10,169 మందిని చూసి రాసిన వ్యాసం 1971లో అచ్చయింది. మా అమ్మమ్మల నోళ్లు ప్రపంచ వైద్యానికి పాఠమయ్యాయి. ఆ పాఠం తిరిగి మా ఊళ్లకు చేరడం మాత్రం చాలా ఆలస్యమైంది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఈ అలవాటు తగ్గింది, పోలేదు. మీ ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దావిడ ఉంటే టార్చి వేసి అంగిలి చూడండి. రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.