జుబాన్ పోయినా దస్తర్‌ఖాన్ పోలేదు

పోయిన రంజాన్ అయిన వారానికి, పోలండ్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కూతురు వాట్సప్‌లో ఒక ఫొటో పంపింది. ప్లేటు నిండా కజ్జికాయల్లాంటివి. కాకపోతే నూనెలో వేగినవి కావు, నీళ్లలో ఉడికినవి. తెల్లగా, మెత్తగా ఉన్నాయి. పైన వేయించిన ఉల్లిపాయ. కింద ఒక్కటే సవాల్: "ఖాలా, ఇవి తినొచ్చా?"

వాటిని పియెరోగి అంటారట. అక్కడ ప్రతి ఇంట్లో చేస్తారట, ప్రతి దుకాణంలో దొరుకుతాయట. ఆ పిల్లకి జవాబు చెబుదామని వెతకడం మొదలుపెట్టాను. వంట గురించి వెతుకుతూ పోతే ఒక కౌమ్ తారీఖ్‌లోకి వెళ్లి పడ్డాను. ఆరు వందల ఏళ్లకు పైగా ఆ దేశంలోనే ఉన్న ముసల్మానుల తారీఖ్ అది. మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే అప్పటిదాకా తెలీదు.

ముందు పియెరోగి సంగతి. మైదా పిండిని వేడినీళ్లతో కలిపి, పల్చగా వత్తి, గ్లాసు మూతితో గుండ్రంగా కోసి, మధ్యలో ముద్ద పెట్టి, అర్ధచంద్రంలా మడిచి అంచులు నొక్కేస్తారు. మరిగే ఉప్పునీళ్లలో వేస్తే ఉడికి పైకి తేలతాయి. అంతే పని. లోపల పెట్టేదే మారుతుంది. పులియబెట్టిన క్యాబేజీ, ఎండు పుట్టగొడుగులు కలిపితే అది క్రైస్తవుల క్రిస్మస్ ముందు రాత్రి వంట. ఆ రాత్రి వాళ్లు మాంసం ముట్టరు. ఎండాకాలంలో బెర్రీ పళ్లు పెడతారు. అన్నిటికన్నా పేరున్నది ఆలూ, త్వరుగ్ పెట్టినది. త్వరుగ్ అంటే కొంచెం పుల్లటి పొడిపొడి పనీర్. దాన్ని 'రుస్కియె' అంటారు. రష్యాది అనుకుంటాం గానీ కాదు. రుస్ అనేది ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతానికి పాత పేరు. 2022లో ఉక్రెయిన్ మీద జంగ్ మొదలయ్యాక చాలా హోటళ్లు ఆ పేరు కొట్టేసి 'ఉక్రెయిన్ పియెరోగి' అని రాసుకున్నాయి.

పోలిష్ భాషలో అచ్చయిన వంట పుస్తకాల్లో మనకు దొరికే పాతది 1682లో క్రాకోవ్‌లో వచ్చింది. ఒక నవాబు లాంటి పెద్ద జాగీర్దారు ఇంట్లో వంటల పెత్తనం చూసిన స్తనిస్లావ్ చెర్నియెత్స్కి రాశాడు. పియెరోగి అందులో కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే రాజ్యం తూర్పు అంచున, కొందరు ముసల్మాన్ సిపాయిలు తమ జాగీర్లలో కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నారు. వాళ్ల ఇళ్లలోనూ పిండిలో మాంసం చుట్టి ఉడికిస్తారు. ఆ వంట పేరు కొవ్‌దునీ.

సిపాయిలుగా వచ్చినవాళ్లు

వీళ్లు తాతార్లు. లిప్కా తాతార్లు అని పేరు. లిథువేనియాకు తుర్కీ జుబాన్‌లో ఉన్న పాత పేరు నుంచి ఆ మాట వచ్చింది. పద్నాలుగో శతాబ్దం చివర్లో లిథువేనియా పాలకుడు వితౌతాస్ వీళ్లను తన రాజ్యంలో వసాయించాడు. భూములిచ్చాడు, బదులుగా గుర్రాల మీద జంగ్‌కి రమ్మన్నాడు. 1410లో గ్రున్వాల్డ్ దగ్గర జర్మన్ నైట్లతో జరిగిన పెద్ద లడాయిలో పోలండ్, లిథువేనియాల పక్షాన తాతార్ సవార్లు పోరాడారు. ఆ రోజు వాళ్లకు ముందు నిలిచినవాడు జలాలుద్దీన్, సునహరీ ఉర్దూ సుల్తాన్ తొఖ్తామిష్ కొడుకు. (ఇక్కడ 'ఉర్దూ' అంటే ఫౌజ్, ఫౌజీ డేరా. మన జుబాన్ పేరు కూడా ఆ మాటే.)

వచ్చినవాళ్లలో చాలామంది అక్కడి ఆడవాళ్లనే నికాహ్ చేసుకున్నారు. పిల్లలకు దీన్ అబ్బాది, జుబాన్ అమ్మీది. రెండు శతాబ్దాలు తిరిగేసరికి ఇళ్లలో తాతార్ భాష మాయమైంది. బెలరూసీ, పోలిష్ మాట్లాడడం మొదలైంది. ఇంటిపేర్లు కూడా అక్కడి అచ్చులోకి వచ్చాయి. అహ్మతొవిచ్ అంటే అహ్మద్ ఖాందాన్ అనుకోండి.

కానీ నమాజ్ ఆగలేదు. జుబాన్ పోయింది కాబట్టి కొత్త జుబాన్‌నే పాత లిపిలోకి తెచ్చుకున్నారు. బెలరూసీ, పోలిష్ మాటల్ని అరబ్బీ హురూఫ్‌లో రాశారు. అరబ్బీలో లేని శబ్దాలకు అక్షరాలు తయారు చేసుకున్నారు. తమిళ ముసల్మానులు అర్వీ రాసుకున్నట్టే. ఆ చేతిరాత పుస్తకాల పేర్లు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది: కితాబ్, తెఫ్సీర్, హమాయిల్. మన నానీల తలగడ కింద ఉండే చిన్న హమాయిల్ షరీఫ్ మాట అక్కడ కూడా ఉంది! వాళ్ల ఖబరస్తాన్ పేరు మిజార్, మన మజారే. ఇంటి గోడ మీద ఆయత్ రాసి ఫ్రేము కట్టి పెట్టేది ముహిర్, అంటే ముహర్. నమాజ్ తర్వాత, ఖబర్ల దగ్గర పంచే తీపి, రొట్టె సదోగా, మన సదఖా.

బాకీ జీతానికి బదులు ఊళ్లు

అన్నీ సుఖంగా సాగలేదు. పదిహేడో శతాబ్దంలో సర్కార్ ఖజానా ఖాళీ అయింది. సిపాయిలకు జీతాలు ఏళ్ల తరబడి రాలేదు. దీన్ మీద, హక్కుల మీద ఆంక్షలు పెరిగాయి. 1672లో తాతార్ దళాలు బగావత్ చేసి ఉస్మానీ సుల్తాన్ వైపు వెళ్లిపోయాయి. తర్వాత అక్కడా పొసగక చాలామంది వెనక్కి వచ్చారు. ఇవ్వడానికి నగదు లేని బాద్షా యాన్ సొబియెస్కి 1679లో జీతం బాకీకి బదులు భూములు రాసిచ్చాడు. అట్లా తాతార్ల చేతికి వచ్చిన ఊళ్లలో రెండు క్రుషిన్యానీ, బొహొనికి.

ఆ రెండు ఊళ్లలో చెక్కతో కట్టిన మస్జిద్‌లు ఇప్పటికీ ఉన్నాయి. క్రుషిన్యానీ మస్జిద్ ఆకుపచ్చ రంగుది. దూరం నుంచి చూస్తే పల్లెటూరి చర్చి అనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే గోపురం మీద హిలాల్ కనబడుతుంది. కట్టిన వడ్రంగులకు తెలిసిన తీరు అదే మరి.

1925లో విల్నోలో ముసల్మానుల మజహబీ సంఘం ఏర్పడింది, యాకుబ్ షింకెవిచ్ ముఫ్తీ అయ్యాడు. అప్పుడు పోలండ్‌లో డజనుకు పైనే మస్జిద్‌లు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సరిహద్దు పడమటికి జరిగింది. తాతార్ల ఊళ్లు ఎక్కువ భాగం సోవియట్ వైపు పోయాయి. పాత మస్జిద్‌లలో పోలండ్‌కి మిగిలినవి ఆ రెండే. సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఎక్కడెక్కడో పడమటి పట్నాల్లో చెదిరిపోయారు. తోడు తెచ్చుకున్నది ఏముంటుంది? కొన్ని హమాయిల్‌లు, గోడ మీది ముహిర్, అమ్మీ చేతి వంట.

కొవ్‌దునీ

పియెరోగికి, కొవ్‌దునీకి బయట నుంచి చూస్తే పెద్ద ఫరక్ ఉండదు. ఫరక్ లోపల ఉంది. పియెరోగిలో ముందే ఉడికించిన ముద్ద పెడతారు. కొవ్‌దునీలో పచ్చి ఖీమానే పెడతారు. మేక లేదా గొర్రె మాంసం, పశుమాంసం, కాస్త కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు, మరువం. అవును, మనం మల్లెపూల మధ్య గుచ్చుకునే ఆ మరువమే అక్కడ మాంసంలో పడుతుంది. ఉడికేటప్పుడు రసం అంతా లోపలే ఉంటుంది. అందుకే కొరకకుండా చెంచాతో మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలంటారు. సగం కొరికితే రసం చొక్కా మీదే! వీటిని యఖ్నీలో వేసి వడ్డిస్తారు.

మధ్య ఆసియా మంతీ, సైబీరియా పెల్మెనీ కూడా ఈ ఖాందాన్‌వే. తాతార్ల వంటల్లో ఇంకొకటి పియెరెకాచెవ్నిక్. కాగితమంత పల్చటి పిండి పొరలు ఆరు, పొరపొరకీ వెన్న, మధ్యలో మాంసం, చుట్టి నత్తగుల్లలా పేర్చి కాలుస్తారు. 2009లో యూరోపియన్ యూనియన్ దాన్ని సంప్రదాయ వంటగా నమోదు చేసింది. 2011 జనాభా లెక్కల్లో తాతార్లమని రాయించుకున్నవాళ్లు ఆ దేశం మొత్తంలో రెండు వేలకు లోపే. అంత చిన్న కౌమ్ వంట పేరు యూరప్ అంతటి రికార్డుకెక్కింది.

అయితే మాంసం ఉన్నచోట జబీహా ప్రశ్న వస్తుంది. 2012 నవంబర్‌లో పోలండ్ రాజ్యాంగ న్యాయస్థానం, స్పృహ తప్పించకుండా జబహ్ చేయడానికి మంత్రి ఇచ్చిన అనుమతి చెల్లదంది. 2013 జనవరి నుంచి అది బంద్. ఆరు వందల ఏళ్లుగా ఆ నేలకు సిపాయిలిచ్చిన కౌమ్, ఆ ఏడు బక్రీద్‌కి తన ఊళ్లో ఖుర్బానీ చేస్తే నేరమా కాదా అనే బహస్‌లో నిలబడాల్సి వచ్చింది. యూదుల సంఘం కోర్టుకు వెళ్లింది. 2014 డిసెంబర్‌లో అదే న్యాయస్థానం ఆ నిషేధం మజహబీ ఆజాదీకి విరుద్ధమని తీర్పిచ్చింది. యూదుల కేసుతో ముసల్మానుల దస్తర్‌ఖాన్ నిలిచింది. ఇది కూడా యాద్ పెట్టుకోవాల్సిన తారీఖే.

చేసుకోవడం, దాచుకోవడం

ఇక మన వంటింట్లోకి వద్దాం. అరకిలో మైదా, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె, పావు లీటరు వేడినీళ్లు. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా మెత్తగా కలిపి, మూతపెట్టి అరగంట వదిలేయండి. ఈ అరగంట మానొద్దు, లేకపోతే వత్తినప్పుడల్లా వెనక్కి ముడుచుకుపోతుంది. తర్వాత రెండు మిల్లీమీటర్ల మందాన వత్తండి.

ఆలూ ముద్దకు: అరకిలో ఉడికించిన ఆలూ, పావుకిలో పొడిపొడి పనీర్, ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, మిరియాల పొడి, ఉప్పు. పెరుగుతో విరగ్గొట్టిన పనీర్ అయితే అక్కడి పులుపు కొంచెం వస్తుంది. ముద్ద పూర్తిగా చల్లారాకే పెట్టాలి. అంచుకు ముద్ద అంటితే అక్కడే విచ్చుకుంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు మరిగించి కొన్ని కొన్నే వేయండి. తేలాక రెండు మూడు నిమిషాలు చాలు. పచ్చి ఖీమా పెట్టినవైతే చిన్నవిగా చేసి, తేలాక కనీసం ఎనిమిది నిమిషాలు ఉంచండి. ఒకటి కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉండకూడదు.

దాచుకోవాలంటే పిండి చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు గంటలకు రాయిలా గట్టిపడతాయి. అప్పుడు కవర్లో వేసి గాలి తీసి కట్టండి, పైన తేదీ రాయండి. రెండు మూడు నెలలు ఉంటాయి. ఉడికించేటప్పుడు కరగనివ్వొద్దు, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే మరిగే నీళ్లలో వేయాలి. కరిగితే పిండి చెమ్మగిల్లి అంటుకుని చిరిగిపోతుంది. ఉడికించినవి మిగిలితే కాస్త నెయ్యి రాసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు, పెనం మీద ఎర్రగా కాల్చుకుంటే అదో మజా. కానీ పచ్చి ఖీమా పెట్టినవి ఫ్రిజ్‌లో ఉంచొద్దు, వెంటనే ఫ్రీజర్‌కే పోవాలి. కరెంటు పోయి ఒకసారి కరిగినవి మళ్లీ గడ్డకట్టించొద్దు.

సైబీరియాలో పెల్మెనీలు సంచుల్లో కట్టి ఇంటి బయట మంచులోనే దాచేవాళ్లు. మన ఎండలకు ఫ్రీజరే గతి.

ఇక మా పిల్లకి నేను చెప్పిన జవాబు: "బేటీ, ఆలూ పనీర్ పెట్టినవైనా సరే, పైన చల్లేది ఏంటో అడుగు. అక్కడ పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లే రివాజ్ ఉంది. ఉల్లిపాయను ఆ కొవ్వులోనే వేయించొచ్చు. మాంసం పెట్టినవైతే ముట్టకు. ప్యాకెట్ మీద 'స్మాలెత్స్' అని ఉంటే అది పంది కొవ్వే. అన్నిటికన్నా నీ చేత్తో చేసుకోవడం మేలు."

నెల తర్వాత ఇంకో ఫొటో వచ్చింది. హాస్టల్ ఫ్రీజర్‌లో ట్రే, దాని మీద వంకరటింకరగా ముప్పై దాకా అర్ధచంద్రాలు. లోపల ఆలూ కాదట, పచ్చిమిర్చి, పుదీనా వేసిన హలాల్ ఖీమా. మా అమ్మీ లుఖ్మీలో పెట్టేదే. ఆ ఖీమా మసాలా కొలతలు ఎవరి దగ్గరా రాసి లేవు, అమ్మీ చేతికే తెలుసు. ఆ పిల్ల ఫోన్ చేసి నానీమాని అడిగి రాసుకుందట. తెలుగులో రాసుకుందట, ఉర్దూ చదవడం దానికి రాదు.

ముందు కొంచెం బాధేసింది. తర్వాత క్రుషిన్యానీ గుర్తొచ్చింది. వాళ్లూ వచ్చిన లిపిలో, వచ్చిన భాషలో రాసుకున్నారు. రాసుకున్నారు కాబట్టే మిగిలాయి. మీ ఇంట్లో నానీ, దాదీ చేతికి మాత్రమే తెలిసిన వంట ఏదైనా ఉంటే, ఈ జుమాకి పక్కన కూర్చుని అడగండి. ఏ లిపిలో వస్తే ఆ లిపిలో రాసుకోండి.