అష్టా చెమ్మాలో అదృష్టమెంత?

మన పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి లెక్కల పుస్తకంలో ‘సంభావ్యత’ అనే పాఠం ఒకటి ఎదురవుతుంది. పేరు చూసే సగం మంది బెదిరిపోతారు. నిజానికి ఈ విద్యకు కావలసిన సరంజామా అంతా మన వంటింటి గూట్లోనే ఉంది. నాలుగు చింతగింజలు, అంతే! ఒక పని జరగటానికి ఎన్ని పాళ్ళు వీలున్నదో లెక్కగట్టి చెప్పటమే సంభావ్యత. ఈ లెక్క లోకంలో ఎట్లా పుట్టిందో, పిల్లలకు మనం ఎట్లా చెప్పవచ్చో ఈ పూట చెప్పుకుందాం.

నలమహారాజు కథ మనందరికీ తెలిసిందే. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. దారిలో ఒక తాండ్ర చెట్టు కనపడితే ఋతుపర్ణుడు రథం మీద నుంచే దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మక, దిగి లెక్కపెట్టి చూస్తే సరిగ్గా సరిపోతుంది. అప్పుడు అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకుంటాడు. వేదకాలంలో పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే. పాచికలకూ లెక్కకూ సంబంధమున్నదని మన పూర్వులకు తోచిందన్నమాట. అయితే ఆ రహస్యం ఏమిటో కథ మనకు విప్పి చెప్పదు.

ఇప్పుడు కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర ఉన్న గండికోటకు పోదాం. ఎర్రమల కొండల్ని పెన్నేరు నిలువునా కోసిన చోట, ఆ లోయ అంచున నిలబడింది ఈ కోట. లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ఆ పక్కనే ఎత్తయిన కమాను కప్పుతో పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. వాన నమ్మరాని సీమ అది. వాన రావచ్చు, రాకపోవచ్చు. శత్రువు ముట్టడించవచ్చు, మానవచ్చు. అంచేతనే అన్ని గింజలు దాచే కొట్టు కట్టుకున్నారు. జాగ్రత్తపడటం వాళ్ళకు బాగా తెలుసు. కాని ‘రావచ్చు’ అన్న మాటకు అంకె వెయ్యటం అప్పటికి ఎవరికీ చేతకాలేదు.

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోట 1650 ప్రాంతంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమయింది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. కోట ఎంత దుర్గమమైనదో తన గ్రంథంలో రాసుకున్నాడు. ఈ టావెర్నియే పుట్టిన ఊరు పారిస్. ఆయన ఇక్కడికి వచ్చిపోయిన రెండేళ్ళకు, 1654లో, అదే పారిస్‌లో ఉన్న పాస్కల్ అనే పండితుడు తూలూజ్‌లో ఉన్న ఫెర్మాతో ఉత్తరాలు నడిపాడు. సంభావ్యత శాస్త్రానికి పునాది ఆ ఉత్తరాలే.

వాళ్ళ తగవు ఏమిటో వినండి. ఇద్దరు చెరి 32 నాణేలు ఒడ్డారు. ముందుగా మూడు ఆటలు గెలిచినవారికి మొత్తం 64 నాణేలూ. ఒకరు రెండు, ఇంకొకరు ఒకటి గెలిచాక ఆట ఆపవలసివచ్చింది. డబ్బు ఎట్లా పంచాలి? రెండు వంతులూ ఒక వంతూ అంటాం మనం. పాస్కల్ అట్లా అనలేదు. జరిగిన ఆటలు కాదు, జరగవలసిన ఆట చూడమన్నాడు. తర్వాతి ఆట మొదటివాడు గెలిస్తే 64 అతనివే. ఓడితే ఇద్దరూ సమానం, చెరి 32. కాబట్టి 32 ఎట్లాగూ అతనివి. మిగిలిన 32లో సగం, 16, కలిపితే 48. రెండోవాడికి 16. ఎంత న్యాయమైన పంపకమో చూడండి!

ఇక మన ఇంటికొద్దాం. నాలుగు చింతగింజలు చెరిసగం చేస్తే ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు. నాలుగు బద్దలు తీసుకుని అష్టా చెమ్మా వెయ్యమనండి. ఒక్కో బద్ద రెండు విధాల పడవచ్చు గదా, అంటే నాలుగూ కలిసి పదహారు విధాలు. వాటిలో నాలుగూ తెల్లగా పడే చెమ్మా ఒక్కసారి, నాలుగూ నల్లగా పడే అష్టా ఒక్కసారి. ఒకటి పడటానికి నాలుగు దారులు, మూడుకు నాలుగు. రెండుకు మాత్రం ఆరు. పిల్లల చేతనే కాగితం మీద ఈ పదహారూ రాయించండి. చెమ్మా, అష్టా పడినప్పుడు ఇంకోసారి వెయ్యనిచ్చే నియమం ఎంత తగినదో వాళ్ళకే తెలుస్తుంది. అవి రెండూ అరుదు.

గవ్వలతో ఆడితే ఈ లెక్క కుదరదు. గవ్వకు బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానం కావు. మరేం చెయ్యాలి? ఒక గవ్వను వందసార్లు వేసి, ఎన్నిసార్లు ఎట్లా పడిందో రాసుకోవాలి. ఆలోచించి కట్టే లెక్క ఒకటి, వేసి చూసి కట్టే లెక్క ఒకటి. ఈ రెండూ తెలిస్తే పాఠం సగం వచ్చినట్టే.

ఇదంతా పరీక్ష మార్కులకేనా అంటారేమో. ఎన్ని సంసారాలు మట్కా పాలయ్యాయో మనం ఎరగనిది కాదు. పది అంకెల్లో ఒకటి పలుకుతుంది. పలికితే రూపాయికి తొమ్మిది ఇస్తారు. ఎవరూ మోసం చెయ్యలేదనే అనుకుందాం. పది రూపాయలకు సగటున తొమ్మిది తిరిగి వస్తాయి. రూపాయికి పది పైసలు చొప్పున ఎప్పుడూ ఆడేవాడికే నష్టం. “ఈ అంకె నెలనుంచీ రాలేదు, ఇవాళ తప్పక వస్తుంది” అంటారు. చింతగింజకు నిన్న ఎట్లా పడ్డదీ జ్ఞాపకముంటుందా? అంకెకూ అంతే. ఈ ఒక్క మాట పిల్లవాడికి పన్నెండో ఏట అర్థమైతే, ముప్ఫయ్యో ఏట వాడి ఇల్లాలి మెడలో గొలుసు నిలుస్తుంది.

ఈ శాస్త్రంలో లోకం మెచ్చిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్‌గారి సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన ప్రచురించిన వ్యాసానికి 2023లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. చిన్ననాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూచోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆయన తన పుస్తకంలో తలచుకున్నారు.

మనకు ఆ శాస్త్రమంతా రానక్కరలేదండీ. దీపం వెలిగించటం వస్తే చాలు. ఈ ఆదివారం గూట్లోంచి చింతగింజలు తియ్యండి. ఆడపిల్లల్ని కూడా కూచోబెట్టండి. “నా అదృష్టం ఇంతే” అనే మాట మన ఇళ్ళలో ఎక్కువ వినపడేది వాళ్ళ నోటే. అదృష్టంలో ఎంత పాలు లెక్కకు అందుతుందో వాళ్ళను చూడనివ్వండి.