అండ్ పార్టీ

తెలుగులో ఒక మనిషిని చిన్నబుచ్చాలంటే "వాడు వంత పాడే రకం" అంటే చాలు. "వాళ్ళేమంటే వీడు తందానా అంటాడు" అని ఇంకోటి కూడా ఉంది. రాజకీయ వార్తలు రాసేవాళ్ళకి ఈ రెండూ లేకపోతే రోజు గడవదు. వంత అంటే సొంత బుద్ధి లేనివాడు, పెద్దగొంతు ఎటుంటే అటు తలూపేవాడు అని మన భాషలో స్థిరపడిపోయింది.

నిజంగా వంత పాడేవాళ్ళని చూస్తే మాత్రం ఈ మాట ఎంత అన్యాయమో తెలుస్తుంది.

వరంగల్‌కి దగ్గర్లో ఐనవోలు ఉంది. జనం నోట్లో ఐలోని మల్లన్న. సంక్రాంతికి మొదలయ్యే ఆ జాతర ఉగాది దాకా సాగుతుంది. కొమురవెల్లి మల్లన్న కూడా 2016లో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లా దేవుడే. ఈ రెండు చోట్లా మల్లన్నకి పట్నాలు వేసేది, పెళ్ళి చేసేది, ఆయన కథ చెప్పేది ఒగ్గువాళ్ళు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. అది మోగిస్తూ చెప్పే కథ ఒగ్గుకథ. ఎక్కువగా కురుమ, గొల్ల కుటుంబాల నుంచి వచ్చిన కళాకారులు తరతరాలుగా మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతూ వచ్చారు.

కథకుడు ఒక్కడే ముందుంటాడు. ఆయన చుట్టూ డోలు, తాళాలు, కంజీర, నపీర పట్టుకున్న నలుగురైదుగురు ఉంటారు. కథ రాత్రి మొదలైతే తెల్లారేదాకా నడవాలి. ఏ గొంతూ ఒంటరిగా అంతసేపు నిలవదు. కథకుడు ఒక చరణం ఎత్తి వదిలేస్తే వంతవాళ్ళు దాన్ని అందుకుని సాగదీస్తారు. ఆ సాగదీతలోనే ఆయన ఊపిరి పీల్చుకుంటాడు, తర్వాత మాట వెతుక్కుంటాడు, జనం మొహాలు చూసి ఈ ఘట్టం పెంచాలో తుంచాలో తేల్చుకుంటాడు. మౌఖికంగా నడిచే కళకి వంత ఊపిరితిత్తుల్లాంటిది.

పని అక్కడితో అయిపోదు. వంతవాడు అడ్డుపడతాడు. "అదెట్లనే?" అని అడుగుతాడు. రాజు గొప్పలు పోతుంటే ఒక చెణుకు విసురుతాడు. కొంగు తలమీద కప్పుకుని క్షణంలో రాణి అవుతాడు, కొంగు తీసేసి బంటు అవుతాడు. బుర్రకథలోనైతే ఈ పని విభజన ఇంకా స్పష్టం. కథకుడికి ఒకవైపు రాజకీయ వంత, ఇంకోవైపు హాస్య వంత. కథలోంచి ఇవాళ్టి ధరల గురించి, దొరల గురించి మాట్లాడే పని రాజకీయ వంతది. తలూపేవాడికి ఆ పని అప్పజెప్పరు కదా.

ఇప్పుడు ఒక సముద్రం దాటాలి. ఎందుకంటే ఇదే వంతని నెత్తిన పెట్టుకున్న సంగీతం ఒకటి అమెరికాలో పుట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, షికాగో వంటి నగరాల్లో నల్లజాతి కుర్రాళ్ళు వీధి మలుపుల్లో చేరి పాడేవాళ్ళు. వాద్యాలు కొనే స్తోమత చాలామందికి లేదు. అందుకే గొంతులే వాద్యాలయ్యాయి. ఒకడు పాట పాడితే, అడుగు గొంతువాడు బేస్ గిటార్ పని చేసేవాడు, మిగిలినవాళ్ళు హార్మనీ కట్టేవాళ్ళు. గొంతు బాగా మోగుతుందని మెట్లదారుల్లో, సబ్‌వే స్టేషన్లలో సాధన చేసేవాళ్ళు. బాల్టిమోర్ నుంచి వచ్చిన ఓరియోల్స్ 1948లో పేరు తెచ్చుకున్నారు. 1954లో లాస్ ఏంజెలెస్ పెంగ్విన్స్ ఒక గరాజ్‌లో రికార్డు చేసిన 'ఎర్త్ ఏంజెల్' దేశమంతా మోగింది. 1956లో ఫైవ్ శాటిన్స్ తమ పాటని న్యూ హేవెన్‌లో ఒక చర్చి నేలమాళిగలో రికార్డు చేశారు.

ఈ పాటల్లో ముందు గొంతు ప్రేమ గురించి ఏదో చెబుతుంటుంది. వెనక గొంతులు అర్థంలేని అక్షరాలు పాడుతుంటాయి. డూ, వాప్, ష్, బూమ్. మన తందానలాగే. బ్రాంక్స్ కుర్రాళ్ళు కార్డ్స్ 1954లో పాడిన 'ష్-బూమ్' పాటకి పేరే వంతలోంచి వచ్చింది. తర్వాత, 1960ల తొలినాళ్ళలో, ఈ మొత్తం సంగీతానికి జనం పెట్టుకున్న పేరు 'డూ-వాప్'. ఒక ప్రక్రియకి దాని వంత అక్షరాలే పేరుగా నిలవడం అరుదు. మన దగ్గర అదే తందాన తిట్టయింది.

పేరొచ్చింది సరే, మనుషులకి ఏం దక్కింది? ఇక్కడే అసలు కథ. 'ష్-బూమ్' మార్కెట్‌లో నడుస్తుండగానే క్రూ కట్స్ అనే తెల్లవాళ్ళ బృందం అదే పాట పాడేసింది. అమెరికా పాప్ పట్టికల్లో మొదటి స్థానం వాళ్ళకే దక్కింది. 'ఎర్త్ ఏంజెల్'ని కూడా వాళ్ళు మళ్ళీ పాడారు. ఒకటి రెండు రికార్డులు చేసి మాయమైన బృందాలు లెక్కలేనన్ని.

అందులో ఒకటి ఫైవ్ షార్ప్స్. న్యూయార్క్ క్వీన్స్‌లోని జమైకా పేట కుర్రాళ్ళు. 1952లో జూబిలీ అనే కంపెనీకి 'స్టార్మీ వెదర్' అనే పాత పాటని పాడారు. మొదట్లో ఉరుము చప్పుడు పెట్టారు. రికార్డు అమ్ముడుపోలేదు, బృందం చెదిరిపోయింది. పదేళ్ళు కూడా గడవకముందే టైమ్స్ స్క్వేర్ సబ్‌వే కింద స్లిమ్ అనే పిలుపుపేరున్న ఇర్వింగ్ రోజ్ ఒక రికార్డుల కొట్టు పెట్టాడు. ఏ పాత రికార్డు తెస్తే ఎంత ఇస్తానో గోడమీద రాసి పెట్టేవాడు. కుర్రాళ్ళు అమ్మమ్మల అటకలు వెతికి తెచ్చేవాళ్ళు. ఫైవ్ షార్ప్స్ రికార్డుకి ఎంత ఆశ చూపించినా దొరకలేదు. ఇప్పటికీ ఆ 78 ఆర్‌పిఎం రికార్డు ప్రతులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

నాకు ముఖ్యమనిపించేది ఆ రికార్డు ధర కాదు. దాన్ని వెతికేవాళ్ళు అక్కడితో ఆగలేదు, పాడినవాళ్ళని కూడా వెతికారు. అందుకే ఇవాళ రాయగలుగుతున్నాం: రోనాల్డ్ కఫీ, క్లారెన్స్ బాసెట్, మికీ ఓవెన్స్, రాబర్ట్ వార్డ్, పియానో దగ్గర టామ్ డకెట్. ఎవరూ కొనని ఒక రికార్డు వెనకున్న ఐదుగురి పేర్లు ఇవి. క్లారెన్స్ బాసెట్ తర్వాత షెప్ అండ్ ద లైమ్‌లైట్స్‌లో పాడాడని, 1961లో వాళ్ళ 'డాడీస్ హోమ్' పెద్ద హిట్ అయిందని కూడా తెలుసు.

పేరు కాగితం మీద లేకపోతే ఏమవుతుందో ఇంకో బృందం చెబుతుంది. 1956లో టీనేజర్స్ పాడిన 'వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్'లో ముందు గొంతు ఫ్రాంకీ లిమన్‌ది. అప్పటికి వాడికి 13 ఏళ్ళు. ఆ పాట రాయడంలో తమకీ భాగం ఉందని వెనక పాడిన హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ కోర్టుకెక్కారు. 1992లో జ్యూరీ వాళ్ళ మాట నమ్మింది. 1996లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. వాళ్ళు రాయలేదని కాదు, దావా వేయడానికి గడువు దాటిపోయిందని. వంత గొంతుకి న్యాయం కూడా ఆలస్యంగానే వినిపిస్తుంది, విన్నాక మళ్ళీ గడియారం చూసుకుంటుంది.

ఇక మన వైపుకి తిరిగొద్దాం. గ్రామఫోన్ రికార్డు ఒకవైపు నిడివి మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. డూ-వాప్ పాట దానికి సరిగ్గా సరిపోయింది. రాత్రంతా నడిచే ఒగ్గుకథ దాంట్లో ఎక్కడ ఇముడుతుంది? ఆ కథలకి యంత్రం మీద చోటు దొరకాలంటే కేసెట్ రావాల్సి వచ్చింది. 1980లు, 90ల్లో జాతర దుకాణాల్లో బొమ్మలు, గాజుల పక్కన మల్లన్న కథ, ఎల్లమ్మ కథ కేసెట్లు చేరాయి. రెండు వైపులా కలిపి 60 నిమిషాలు. తెల్లారేదాకా నడిచే కథని గంటలో చెప్పాలంటే మొదట పలచబడేది వంతే. సాగదీతలు, ఎదురు ప్రశ్నలు, చెణుకులు. సన్నివేశం మిగులుతుంది, సంభాషణ తగ్గుతుంది.

అట్టమీద ఇంకా తగ్గుతుంది. కథకుడి ఫోటో, పెద్ద అక్షరాల్లో పేరు. దాని కింద చిన్నగా 'బృందం'. ఇంకా పాతవాటి మీదైతే 'అండ్ పార్టీ'. ఆ రెండు మాటల్లో నలుగురైదుగురి జీవితకాలం సర్దేశారు.

అచ్చు పుస్తకం కూడా తక్కువ తినలేదు. వరంగల్ జిల్లా దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి ఈ సాహిత్యానికి విశ్వవిద్యాలయంలో గౌరవం తెచ్చారు. ఆ దారిలో ఎన్నో సంకలనాలు వచ్చాయి, పాటలు బతికాయి. కానీ అచ్చులో పాటకి ఒక అలవాటుంది. పల్లవి మళ్ళీ వచ్చేచోట రెండు నిలువు గీతలు గీసి, మొదటి మాట పెట్టి వదిలేస్తారు. కాగితం ఆదా. వంతవాడు బతికేది సరిగ్గా ఆ గీతల మధ్యే. పాట చదివేవాళ్ళం మనం కళ్ళతో ఆ గీతల్ని దాటేస్తాం.

ఒగ్గుకథకి గుర్తింపు రాలేదని కాదు. జనగామ దగ్గర మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య గారు కులదేవతల గుడి ముంగిట ఉన్న ఈ కళని రేడియోకి, టీవీకి, ఢిల్లీకి తీసుకెళ్ళారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017 నవంబర్‌లో ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి, రాయాల్సిందే. వేములవాడ వైపు మిద్దె రాములు గారిదీ అంతటి పేరే. వాళ్ళ గొప్పతనం నుంచి వీసమెత్తు తగ్గించాల్సిన పనిలేదు. కానీ ఆ గొంతుని వేల రాత్రులు ఎవరు మోశారు? డోలు ఎవరిది? ఎల్లమ్మ అయి ఏడ్చింది ఎవరు? సత్తయ్య గారి పేరు చెప్పగానే గుర్తుపట్టేవాళ్ళలో ఎంతమందిమి ఆయన వంతల్లో ఒక్కరి పేరైనా చెప్పగలం?

ఇది కళాకారుల వినయం అనో, సామూహిక కళలో పేర్లెందుకనో అనేవాళ్ళుంటారు. కళ సామూహికమైతే కథకుడి పేరు కూడా ఉండకూడదు. ఒకరి పేరు పెద్దక్షరాల్లో వేసి మిగిలినవాళ్ళని సమూహం అంటే, అది సమూహం కాదు, తరగతి. పేరుంటే సన్మానం వస్తుంది, కార్యక్రమానికి పిలుపొస్తుంది, వయసు మళ్ళాక ఆసరా అడగడానికి చూపించే ఒక ఆధారం ఉంటుంది. 'బృందం' అన్న మాట పట్టుకుని ఏ ఆఫీసు ముందు నిలబడతారు?

అమెరికాలో ఈ లోటు కొంతైనా పూడ్చింది ప్రభుత్వమూ కాదు, కంపెనీలూ కాదు. పాత రికార్డుల పిచ్చి పట్టిన మామూలు శ్రోతలు. మన దగ్గర వాళ్ళ పని ఇంకా తేలిక. అక్కడ రికార్డులు పగిలిపోయాయి, ఇక్కడ కేసెట్లు బూజు పడుతున్నా ఇంకా ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. చాలావాటిని ఎవరెవరో యూట్యూబ్‌లో పెడుతున్నారు, కథకుడి పేరొక్కటే రాసి. హనుమకొండ హంటర్ రోడ్డులో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, ఈ కళల కోసమే పెట్టింది. అన్నింటికంటే ముఖ్యం, కేసెట్ల కాలంలో పాతికేళ్ళ కుర్రాళ్ళుగా వంత పాడినవాళ్ళు ఇప్పుడు అరవైల్లో ఉంటారు. అడిగితే చెబుతారు. ఇంకో పదేళ్ళు ఆగితే అడగడానికి మనుషులుండరు, అప్పుడు గడువు దాటిందని చెప్పడానికి కోర్టు కూడా అక్కర్లేదు.

వచ్చే సంక్రాంతికి ఐనవోలు పోయేవాళ్ళు చాలామంది ఉంటారు. పట్నం ముందు కథ నడుస్తుంటే ఫోన్లు పైకి లేస్తాయి, వీడియోలు తీస్తారు. తీయండి. కథ అయ్యాక డోలు దించి చెమట తుడుచుకునే పెద్దాయన దగ్గరికి పోయి, "నీ పేరేందే తాతా, ఏ ఊరు?" అని అడిగి, వీడియో కింద ఆ పేరు కూడా రాయండి.